వేలు తప్పిందా, లెక్క తప్పిందా: చదువు గేములను పిల్లల చేత ఆడించి సరిదిద్దే పద్ధతి

ట్యాబ్ తెర మీద అడ్డంగా ఒక గీత. ఎడమ చివర 0, కుడి చివర 1. పైన ఒక చేప బొమ్మ, దాని పొట్ట మీద 3/4 అని రాసి ఉంది. చేపను లాక్కొచ్చి గీత మీద సరైన చోట వదలాలి. నాలుగో తరగతి పాప చేపను లాగింది, వదిలింది. ఎర్ర గుర్తు వచ్చింది. మళ్లీ లాగింది, మళ్లీ ఎర్ర గుర్తే.

పాపకు భిన్నాలు రావని అనుకోవచ్చు. కానీ 3/4 ఎక్కడుంటుందో బాగానే తెలిసి, తన వేలే గీతను కప్పేయడంతో నాలుగు మిల్లీమీటర్లు పక్కన వదిలి ఉండొచ్చు. లేదంటే చేప పొట్ట కాదు, నోరు గీతకు తగలాలని ఆట తయారు చేసినవాళ్లు అనుకుని, ఆ సంగతి ఆటలో ఎక్కడా చెప్పకపోయి ఉండొచ్చు. మూడు వేర్వేరు కారణాలు, తెర మీద మాత్రం ఒకటే ఫలితం.

కరెంటు బిల్లు కట్టే యాప్‌కు ఈ చిక్కు లేదు. అక్కడ మనిషిని ఆపే ప్రతి అడ్డంకీ తప్పే, కనపడినదల్లా తీసేయొచ్చు. యూజబిలిటీకి, అంటే వాడటానికి వీలుగా ఉండే గుణానికి, అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ 9241-11 ప్రమాణంలో 1998లో ఇచ్చిన నిర్వచనం కూడా ఆ దారిలోనే ఉంటుంది: అనుకున్న పని పూర్తవడం, తక్కువ శ్రమతో అవడం, వాడినవారికి తృప్తిగా ఉండటం. 2018లో దాన్ని సవరించినా ఈ మూడూ అలాగే నిలిచాయి. చదువు గేము దగ్గరికి వచ్చేసరికి ‘తక్కువ శ్రమ’ అన్నదే ఇరకాటంలో పెడుతుంది. నాలుగు భాగాల్లో మూడు అంటే ఎంతో బుర్రలో తేల్చుకోవడానికి పాప పడే శ్రమ ఉండి తీరాలి, ఎందుకంటే పాఠమంతా అందులోనే ఉంది. చేపను గీతకు అతికించడానికి పడే శ్రమ మాత్రం పూర్తిగా పోవాలి. వాడేవారి చేత ఆడించి చూసే యూజబిలిటీ టెస్టింగ్ ఈ రెండిటినీ విడదీయలేకపోతే రెండు రకాలుగా చెడుతుంది. పాపకు లెక్క రాదని తేల్చి చేత్తో వచ్చిన చిక్కును అలాగే వదిలేస్తుంది, లేదా ఆట తేలిక చేసే ఊపులో లెక్కనే తీసేస్తుంది. రెండోది ఎక్కువ ప్రమాదం. ఎందుకంటే అప్పుడు టెస్ట్ ఫలితాలు చాలా బాగా కనిపిస్తాయి.

సాఫీగా సాగే ఆటంతా చదువు కాదు

నార్వేలో తయారై 2012లో వచ్చిన డ్రాగన్‌బాక్స్ బీజగణితం గేమును ఇక్కడ తలచుకోవాలి. తెరను రెండు భాగాలు చేసి, చిన్న చిన్న జీవుల బొమ్మలున్న కార్డులను అటూ ఇటూ తీసేస్తూ, ఒక పెట్టెను ఒంటరిగా మిగల్చాలి. లెవెళ్లు గడిచేకొద్దీ బొమ్మలు అక్షరాలుగా, అంకెలుగా మారతాయి. పెట్టె ఎక్స్ అవుతుంది. నేర్పు ఉన్న డిజైన్, అందులో సందేహం లేదు. 2014లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని లినెట్ అనే సమీకరణాల ట్యూటర్ సాఫ్ట్‌వేర్‌తో బడిలోనే పోల్చి చూశారు. డ్రాగన్‌బాక్స్ ఆడిన పిల్లలు ఎక్కువ లెక్కలు పూర్తి చేశారు, ఎక్కువ సరదాగా ఉందన్నారు. తర్వాత పెట్టిన సమీకరణాల పరీక్షలో మాత్రం లినెట్ వాడిన పిల్లలే మెరుగ్గా చేశారు. సాఫీగా ఆడగలగడం, ఇష్టపడటం, నేర్చుకోవడం అన్నవి మూడు వేర్వేరు సంగతులని ఇంత తేటగా చూపిన ఉదాహరణలు తక్కువ.

దీనికి రెండో వైపు పరిశోధకులు జాకబ్ హాబ్‌గుడ్, షారన్ ఐన్స్‌వర్త్ బ్రిటన్‌లో చేసిన పని ఉంది. వారి జాంబీ డివిజన్ గేములో అస్థిపంజరాల ఛాతీ మీద అంకెలుంటాయి. ఆ అంకెను శేషం లేకుండా భాగించే ఆయుధంతో కొడితేనే అవి పడతాయి. ఇదే ఆటకు ఇంకో రూపం కూడా చేశారు. అందులో కత్తియుద్ధంలో లెక్క ఉండదు, లెవెల్ అయ్యాక భాగహారం ప్రశ్నలు విడిగా వస్తాయి. 2011లో అచ్చయిన ఫలితాల ప్రకారం లెక్కను యుద్ధంలోనే కలిపేసిన రూపం ఆడిన పిల్లలు ఎక్కువ నేర్చుకున్నారు. రెండిటిలో ఏది కావాలంటే అది ఆడుకోమన్నప్పుడు ఆ రూపం మీదే ఏడు రెట్లకు పైగా సమయం గడిపారు. పాఠం పెట్టాల్సింది పిల్లవాడి చెయ్యి ఆడే చోటే అన్నమాట. అలా పెట్టినప్పుడు చెయ్యి చిక్కు, పాఠం చిక్కు ఒకదానిలో ఒకటి మరింతగా కలిసిపోతాయి. మంచి డిజైన్‌ను టెస్ట్ చేయడం నాసిరకం డిజైన్‌ను టెస్ట్ చేయడం కంటే కష్టం కావడానికి ఇదే కారణం.

ముందు కాగితం, తర్వాత ట్యాబ్

విడదీసే ఉపాయం చాలా చవకైనది. ఆటలో ఉన్న గీతనే, అదే పొడవుతో కాగితం మీద అచ్చు వేయాలి. పది అంగుళాల ట్యాబ్‌లో ఆ గీత దాదాపు 16 సెంటీమీటర్లు వస్తుంది. ఏ4 కాగితంలో అడ్డంగా హాయిగా పడుతుంది. ఆట మొదలుపెట్టక ముందే 1/2, 1/4, 2/3 మూడింటినీ పెన్సిల్‌తో గుర్తు పెట్టమనాలి. ఒక్కో భిన్నానికి ఒక్కో కాగితం ఇవ్వాలి. అన్నీ ఒకే గీత మీద పెట్టమంటే మొదటి గుర్తును చూసి రెండోది ఊహిస్తారు. తప్పొప్పులు చెప్పకూడదు. ఆట అయ్యాక అంతే కష్టమున్న వేరే మూడు, అంటే 3/4, 1/3, 2/5 లాంటివి, మళ్లీ కాగితం మీద పెట్టించాలి.

ఇప్పుడు నాలుగు రకాల పిల్లలు తేలతారు. కాగితం మీదా ఆటలోనూ సరిగ్గా పెట్టినవారితో పేచీ లేదు. కాగితం మీద సరిగ్గా పెట్టి ఆటలో తప్పితే లోపం ఆటది. రెండు చోట్లా తప్పితే అది పాఠం అందని పిల్ల, ఈ ఆట ఎవరి కోసం పుట్టిందో ఆ పిల్లే. ఆమె ఆటలో ఎలా పడి లేస్తోందో ఎక్కువసేపు చూడాలి. ఇక నాలుగో రకం: కాగితం మీద తప్పు, ఆటలో ఒప్పు, ఆట అయ్యాక మళ్లీ కాగితం మీద తప్పు. ఈ రకం పిల్లలు ఇద్దరు ముగ్గురు కనిపించారంటే ఆట ఎక్కడో జవాబు లీక్ చేస్తోందని అర్థం. సరైన చోటికి దగ్గరగా రాగానే చేప అయస్కాంతంలా అతుక్కుంటోందేమో, గీత మీద రంగు మారుతోందేమో, గీతను భాగాలు చేసే చిన్న నిలువు గీతలు, అంటే టిక్కులు, సరిగ్గా జవాబు ఉన్న చోటే ఉన్నాయేమో వెతకాలి. అతుక్కునే దూరం పెద్దగా పెడితే పిల్లలు లెక్క వేయరు. చేపను గీత పొడవునా జరుపుకుంటూ పోయి ఎక్కడ టక్కుమంటే అక్కడ వదిలేస్తారు. అది వారి తప్పు కాదు, ఆట నేర్పిన తెలివే.

పడిన చోట్లు చెప్పే కథ

ఆట తనంతట తాను రాసుకునే రికార్డును లాగ్ అంటారు. సరి/తప్పు అని మాత్రమే రాసుకునే లాగ్ దాదాపు పనికిరాదు. ప్రతి ప్రయత్నానికీ లెవెల్ నంబరు, అడిగిన భిన్నం, వేలు మొదట తాకిన చోటు, వదిలిన చోటు, పట్టిన సమయం, సూచన వాడారా లేదా అన్నవి రాసుకునేలా ప్రోగ్రామర్ చేత ముందే పెట్టించుకోవాలి. ఒక్క పూట పని అది. తర్వాత 3/4 అడిగినప్పుడు పిల్లలు చేపను ఎక్కడెక్కడ వదిలారో ఒక గీత మీద చుక్కలుగా పరిస్తే కారణాలు వాటంతట అవే విడిపోతాయి.

చుక్కలు 0.75కు అటూ ఇటూ 0.70 నుంచి 0.80 దాకా గుమిగూడితే లెక్క వచ్చు, వేలే తప్పింది. చుక్కలు ఒకే పక్కకు జరిగి, అంటే 3/4కు 0.79 దగ్గర, 1/2కు 0.54 దగ్గర, 1/4కు 0.29 దగ్గర పోగైతే అది చేప నోటి గొడవ. ఏ భిన్నమైనా అదే పక్కకు అంతే దూరం తప్పుతోందంటే, పిల్లలు గురి పెడుతున్న బిందువు ఒకటి, ఆట లెక్కించే బిందువు ఇంకొకటి. గీతను ఎనిమిది భాగాలు చేసి టిక్కులు పెట్టిన లెవెల్‌లో చుక్కలు 0.375 దగ్గర ముసురుకుంటే, పిల్లలు హారాన్ని వదిలేసి లవాన్ని మాత్రమే చూస్తున్నారు. మూడో టిక్కు దాకా లెక్కపెట్టి అక్కడ వదిలారు. ఇది అసలైన పాఠం చిక్కు, దీన్ని బటన్ పెద్దది చేసి పోగొట్టలేరు. గీతంతా చెల్లాచెదురుగా ఉండి, ప్రయత్నానికీ ప్రయత్నానికీ మధ్య రెండు సెకన్లు కూడా లేకపోతే గుడ్డిగా కొడుతున్నారు. తప్పుకు ఏ ఖర్చూ లేని ఆటలో ఇది తప్పకుండా వస్తుంది.

వేలు తప్పే లెక్కను మిల్లీమీటర్లలోనే చూడాలి. ‘0.03 తేడా వరకు ఒప్పు’ అని ప్రోగ్రాంలో పెట్టారనుకుందాం. 16 సెంటీమీటర్ల గీత మీద అది అటూ ఇటూ దాదాపు 5 మిల్లీమీటర్లు, మొత్తం సెంటీమీటరు సందు. సరిపోతుంది. అదే ఆటను ఫోన్లో అడ్డంగా పెట్టి ఆడితే గీత 10 సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది, సందు 6 మిల్లీమీటర్లే మిగులుతుంది. తాకే బటన్ ఏదైనా 48 డీపీ (ఆండ్రాయిడ్ తెర కొలత), అంటే దాదాపు 9 మిల్లీమీటర్లు ఉండాలని ఆండ్రాయిడ్ మార్గదర్శకాలు చెబుతాయి. 6 మిల్లీమీటర్ల సందును పిల్లల వేలే పూర్తిగా కప్పేస్తుంది. ట్యాబ్‌లో మాత్రమే టెస్ట్ చేసి, ఇళ్లలో అమ్మానాన్నల ఫోన్లకు వదిలిన ఆటలు ఇలాగే చెడతాయి. మందు మూడు చుక్కలు: ఒప్పు సందును తెర కొలతకు తగ్గట్టు మిల్లీమీటర్లలో లెక్కించడం, లాగుతున్నప్పుడు వేలికి సెంటీమీటరున్నర పైన చేప కనపడటం, వదలగానే తీర్పు చెప్పకుండా ‘సరే’ బటన్ నొక్కే దాకా సర్దుకోనివ్వడం. మూడోదానితో ఇంకో లాభం ఉంది. నొక్కే ముందు పిల్లలు ఒక్క క్షణం ఆగి చూసుకుంటారు, గుడ్డి దెబ్బలు తగ్గుతాయి.

బడికి వెళ్లని వయసు పిల్లలకైతే ఇంకో సంగతి. ట్యాబ్ పట్టుకున్నప్పుడు వాళ్ల మణికట్టు, బొటనవేలు తెర కింది అంచుకు ఆనుతాయి. అక్కడ ‘హోమ్’ బొమ్మ ఉంటే ఆట మధ్యలో తానే ఎగిరిపోతుంది, పిల్లకు ఏమైందో తెలియదు. బాల్య విద్య కార్యక్రమాలు చేసే అమెరికా సంస్థ సెసమీ వర్క్‌షాప్ 2012లో ఇచ్చిన టచ్ డిజైన్ సూచనల్లో ఇది ఉంది. తాకడం చిన్నపిల్లలకు సులువుగా వస్తుందని, రెండు వేళ్లతో చిటికెలా నొక్కడం, ట్యాబ్‌ను వంచడం కష్టమని కూడా అక్కడే ఉంది.

ఎంతమందిని పిలవాలి

ఐదుగురు చాలన్న మాట ఈ రంగంలో అందరి నోటా ఉంది. దాని వెనకున్న లెక్క తెలిస్తేనే అది ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో తెలుస్తుంది. యూజబిలిటీ పరిశోధకులు జేకబ్ నీల్సన్, టామ్ లాండయర్ 1993లో ఇచ్చిన లెక్క ప్రకారం ఒక్కో వ్యక్తి సగటున 31 శాతం లోపాలను బయటపెడతాడు. ఒక లోపం ఐదుగురికీ తగలకుండా తప్పించుకునే అవకాశం 0.69ను ఐదుసార్లు గుణిస్తే వచ్చేది, దాదాపు 0.16. అంటే దాదాపు 84 శాతం దొరుకుతాయి. బాగానే ఉంది. కానీ పది మంది పిల్లల్లో ఒక్కరికే తగిలే లోపమైతే ఐదుగురిలో అది కనపడే అవకాశం 41 శాతమే. పదిహేను మందిని చూస్తే 79 శాతం. చేతితో వచ్చే చిక్కులు చాలామందికి తగులుతాయి కాబట్టి ఐదుగురిలో పట్టుబడతాయి. పాఠం చిక్కులు ఒక్కో రకం అపార్థం ఉన్న పిల్లలకే తగులుతాయి కాబట్టి తప్పించుకుంటాయి.

అందుకే పిల్లలను వయసును బట్టి మాత్రమే కాక, కాగితం పనిలో తేలిన తెలివిడిని బట్టి కూడా ఎంచుకోవాలి: వచ్చినవారు, సగం వచ్చినవారు, రానివారు. ఒక్కో గుంపు నుంచి నలుగురైదుగురు. బడివారిని పిల్లలను పంపమంటే క్లాసు ఫస్ట్ వచ్చేవారినే పంపుతారు. మంచి ఉద్దేశంతోనే పంపుతారు, టెస్ట్ మాత్రం పాడవుతుంది. ‘లెక్కలంటే భయపడేవాళ్లను కూడా పంపండి’ అని నోరు విడిచి అడగాలి. పదిహేను మందినీ ఒకే వారంలో కూర్చోబెట్టకుండా ఐదుగురు చొప్పున మూడు విడతలు చేసి, విడతకూ విడతకూ మధ్య ఆటను సరిదిద్దితే అదే శ్రమకు ఎక్కువ ఫలితం.

మైక్రోసాఫ్ట్ గేముల పరిశోధకులు ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 శిక్షణ లెవెళ్ల మీద వాడి, 2002లో వివరించిన రైట్ (RITE) పద్ధతి ఇంకా వేగంగా ఉంటుంది. ఒకరిద్దరు ఆడగానే లోపం, దాని కారణం రెండూ స్పష్టంగా ఉంటే అప్పటికప్పుడే మార్చేసి, తర్వాతి వ్యక్తికి మారిన ఆటే ఇస్తారు. చదువు గేముకు దీన్ని సగమే తీసుకోవాలి. బటన్ కనపడలేదు, బాణం అర్థం కాలేదు, గొంతు వినపడలేదు లాంటివైతే మధ్యాహ్నానికల్లా మార్చేయొచ్చు. పిల్లవాడు 1/4 కంటే 1/8 పెద్దదనుకుంటే మాత్రం వెంటనే ఆట మీద చెయ్యి వేయకూడదు. 8 పెద్ద అంకె కాబట్టి 1/8 పెద్దదనుకోవడం భిన్నాలు నేర్చుకునే దారిలో దాదాపు అందరూ దాటే మలుపే. ఆట అతన్ని ఆ మలుపు దాటిస్తోందా అన్నది ఇంకో నలుగురిని చూశాకే తెలుస్తుంది.

ఒక సెషన్ నడిచే తీరు

ఎనిమిది నుంచి పదేళ్ల పిల్లలకు మొత్తం 40 నిమిషాలు దాటకూడదు. పలకరింపుకు 5, మొదటి కాగితం పనికి 5, ఆటకు 20, రెండో కాగితం పనికి 5, మాటలకు 5. భోజనం గంట ముందో, ఆటల పీరియడ్‌లోనో పెట్టకూడదు. పిల్ల మనసు కిటికీ బయటే ఉంటుంది.

గదిలో ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. ఒకరు పక్కన కూర్చుని నడుపుతారు, ఇంకొకరు వెనక కూర్చుని రాసుకుంటారు. ఒక్కరే రెండూ చేస్తే రెండూ పాడవుతాయి. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో సెట్టింగ్స్‌లోని బిల్డ్ నంబరును ఏడుసార్లు తాకితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో ‘షో ట్యాప్స్’ పెడితే వేలు తాకిన ప్రతిచోటా చుక్క కనిపిస్తుంది, తెర రికార్డింగులో అది కూడా పడుతుంది. తాకినా ఆట పలకని చోట్లు పట్టుకోవడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. పైనుంచి చేతులు, తెర మాత్రమే పడేలా ఒక ఫోన్‌ను స్టాండుకు బిగించాలి. ముఖాలు అవసరం లేదు. మన దేశంలో 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వారి డేటా తీసుకోవడానికి తల్లిదండ్రుల నుంచి ధ్రువీకరించుకోదగ్గ అంగీకారం కావాలంటుంది. అమ్మానాన్నల సంతకం వచ్చాక కూడా పిల్లను విడిగా అడగాలి, ఎప్పుడు ఆపాలనుకుంటే అప్పుడు ఆపొచ్చని చెప్పాలి, నిజంగానే ఆపనివ్వాలి. ఫైళ్లకు పేర్లు వద్దు, నంబర్లు చాలు.

పలకరింపులో ఒక్క మాట మొత్తం సెషన్‌ను చెడగొట్టగలదు. ‘టెస్ట్’ అంటే తెలుగు పిల్లలకు మార్కులే గుర్తొస్తాయి. ‘పరీక్ష’ అంటే మరీను. ‘ఈ ఆటలో ఎక్కడ బాగాలేదో పట్టుకోవడానికి నీ సాయం కావాలి. ఇది తయారు చేసింది నేను కాదు, బాగాలేదంటే నాకేం కోపం రాదు’ అని మొదలుపెడితే చాలు. సర్, మేడమ్ అని పిలిపించుకుంటే మర్యాద అడ్డొస్తుంది. పిల్లలు తప్పు చెప్పడానికి జంకుతారు, ప్రతి అడుగుకూ ‘కరెక్టేనా సార్?’ అని మొహంలోకి చూస్తారు. అక్కా, అన్నా అని పిలిపించుకోవడం మేలు. అయినా ఆ ప్రశ్న వస్తుంది. ‘నీకేమనిపిస్తోంది?’ అని తిరిగి అడగడమే జవాబు. తల ఊపడం, నవ్వడం, ‘ఊఁ’ అనడం కూడా జవాబు చెప్పినట్టే. వీడియో చూసుకుంటే ఇవి ఎన్నిసార్లు జరిగాయో తెలిసి నడిపినవారే ఆశ్చర్యపోతారు.

పెద్దలతో టెస్ట్ చేసేటప్పుడు మనసులో అనుకునేది పైకి అంటూ ఆడమంటారు. చిన్నపిల్లలకు ఇది కుదరదు. ఆట కష్టమయ్యేకొద్దీ నోరు మూతపడుతుంది, సరిగ్గా మాట కావాల్సిన చోటే మౌనం వస్తుంది. దానికి బదులు ఇద్దరు స్నేహితులను ఒకే ట్యాబ్ ముందు కూర్చోబెట్టడం ఒక దారి. ‘అక్కడ కాదే, నాలుగు ముక్కలు చెయ్యి ముందు’ అని ఒకరికొకరు చెప్పుకునే మాటల్లో వాళ్ల లెక్క మొత్తం బయటపడుతుంది. అయితే ఒకరి చేతిలోనే ట్యాబ్ ఉండిపోతుంది. ప్రతి లెవెల్‌కూ చేతులు మార్చాలన్న నియమం ముందే పెట్టాలి. ఇంకో దారి, ఆట ఆడేసిన పిల్ల చేత కొత్త పిల్లకు నేర్పించడం. నేర్పేటప్పుడు ఏ మాట వాడిందో, ఏ సంగతి చెప్పకుండా వదిలేసిందో చూస్తే ఆటలో ఆమెకు నిలిచింది ఏమిటో తెలుస్తుంది.

పిల్ల ఎక్కడైనా ఆగిపోతే 60 సెకన్లు ఏమీ అనకూడదు. గడియారం చూసుకోవాలి, లేకపోతే 15 సెకన్లకే నోరు తెరుచుకుంటుంది. తర్వాత ‘ఇప్పుడేం చేద్దామనుకుంటున్నావు?’ అనడం మొదటి మెట్టు. తెరలో ఒక వైపు చూపించడం రెండోది. చేసి చూపించడం మూడోది. ఏ లెవెల్‌లో ఏ మెట్టు దాకా వెళ్లాల్సి వచ్చిందో రాసుకోవాలి. నోట్సులో ‘కన్‌ఫ్యూజ్ అయ్యాడు’ అని రాస్తే అది ఎవరికీ పనికిరాదు. ‘3వ నంబరు, లెవెల్ 4, 6 నిమిషాల 12 సెకన్లు: చేపను గీత మీద పెట్టి వదల్లేదు, 9 సెకన్లు నొక్కి పట్టుకుంది, “పోవట్లేదు” అంది, మెట్టు 2’ అని రాస్తే చదివిన ప్రోగ్రామర్‌కు ఎక్కడ చూడాలో తెలుస్తుంది. చూసినది ఒక వరుసలో, దానికి తోచిన కారణం వేరే వరుసలో ఉండాలి. ఈ రెండూ కలిపి రాసినవారు తమ ఊహనే చూసినట్టు నమ్మేస్తారు.

చివర్లో నవ్వు మొహాల బొమ్మల మీద వేలు పెట్టమనడం చాలాచోట్ల చూస్తాం. బ్రిటన్‌లో జానెట్ రీడ్, స్టువర్ట్ మెక్‌ఫార్లేన్ పిల్లల కోసం తయారు చేసిన పరికరాల్లో స్మైలీఓమీటర్ ఒకటి. చిన్నపిల్లలు ఏ ఆటకైనా అన్నిటికంటే పెద్ద నవ్వునే చూపిస్తారని వారి పరిశీలనల్లోనే తేలింది. వారిదే ఇంకో పరికరం ‘మళ్లీ ఆడతావా’ పట్టిక. ఒక్కో లెవెల్ బొమ్మ చూపించి ఆడతాను, ఏమో, ఆడను అన్న మూడిట్లో ఒకటి ఎంచుకోమంటారు. దీనికి వచ్చే జవాబులు నమ్మదగ్గవి. ‘ఇంకో ఐదు నిమిషాలుంది, ఏం చేస్తావు?’ అని అడిగి, ఆట పక్కనే రంగు పెన్సిళ్లు కూడా పెట్టి చూస్తే ఇంకా నమ్మదగ్గది.

భాష, లిపి

తెలుగులో వచ్చే గేములకు ఇంకొక పొర ఉంది. బడిలో ద్విభాషా పాఠ్యపుస్తకం చదివే పిల్ల 3/4ను ‘త్రీ బై ఫోర్’ అంటుంది. ఇంట్లో అమ్మ ‘ముప్పావు కిలో’ అంటుంది. ఆటలో గొంతు ‘నాలుగింట మూడు వంతులు’ అంటుంది. మూడూ ఒకటేనని తెలియని పిల్ల లెక్కలో తప్పినట్టు కనపడుతుంది, నిజానికి తప్పింది పేరు. కాగితం పని తర్వాత ‘దీన్ని ఏమని చదువుతావు?’ అని ఒక్క ప్రశ్న అడిగి, ఆ జవాబును యథాతథంగా రాసుకుంటే ఆటలో ఏ మాట వాడాలో తేలిపోతుంది. పావు, అర, ముప్పావు పిల్లలకు కూరగాయల కొట్టు దగ్గరే వచ్చేసి ఉంటాయి. మొదటి లెవెళ్లలో వాటిని వాడుకోకపోవడం చేతిలో ఉన్నదాన్ని పారేసుకోవడమే.

లిపి చిక్కు ఇంకా మొండిది. గేములు తయారు చేసే యూనిటీ సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలు చూపడానికి ఎక్కువమంది వాడే టెక్స్ట్‌మెష్ ప్రో తెలుగు ఒత్తులను సరిగా కూర్చదు. ‘గుర్తు’ అన్న మాట ‘గుర్‌తు’ అని, ‘చుక్క’ అన్నది ‘చుక్‌క’ అని విడిపోయి కనిపిస్తుంది. పెద్దవాళ్లు సర్దుకుని చదివేస్తారు కాబట్టి ఆఫీసులో ఎవరికీ పట్టదు. కూడబలుక్కుని చదివే పిల్ల అక్కడే ఆగిపోతుంది, ఆట సూచన చదవకుండా తెరంతా తాకడం మొదలుపెడుతుంది. 2023లో వచ్చిన గోడో 4 అనే ఇంకో గేము తయారీ సాఫ్ట్‌వేర్, అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ అనే ప్రోగ్రాం సాయంతో ఒత్తులను సరిగా కూరుస్తుంది. యూనిటీలోనే ఉండాలంటే ఆ మాటలను ముందే బొమ్మలుగా చేసి పెట్టుకోవడం ఒక మార్గం. వరుసకూ వరుసకూ మధ్య ఇంగ్లిష్‌కు సరిపోయే ఎడం ఉంచితే కింది ఒత్తులు తెగిపోతాయి. సెషన్‌కు ముందు ‘స్త్రీ’, ‘తీక్ష్ణం’, ‘రాష్ట్రం’ లాంటి మాటలు ఆటలోని ప్రతి పెట్టెలో వేసి చూసుకుంటే ఇది పది నిమిషాల్లో తేలుతుంది.

సాయం చేయబోయి చెడగొట్టేవి

పిల్లలు ఆగిపోతున్నారని తెలియగానే ఎవరికైనా తోచేవి మూడు: ఇంకో శిక్షణ లెవెల్ పెట్టడం, సూచన బటన్ పెట్టడం, నాణేలు చల్లడం. మూడింటి మీదా వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు సెంటర్ ఫర్ గేమ్ సైన్స్ గట్టి సాక్ష్యం ఇచ్చింది. వారి రిఫ్రాక్షన్ భిన్నాల గేము. లేజర్ కిరణాన్ని రెండుగా, మూడుగా చీల్చి, చిక్కుకున్న అంతరిక్ష నౌకలకు కావలసినంత భాగం శక్తిని పంపాలి. 2012లో మూడు గేములను 45,000 మందికి పైగా ఆటగాళ్ల మీద పోల్చినప్పుడు, వాటిలో చాలా జటిలమైన ఫోల్డిట్ అనే గేములో శిక్షణ లెవెళ్ల వల్ల ఆడిన సమయం 29 శాతం దాకా పెరిగింది. రిఫ్రాక్షన్ లాంటి తేలిక గేములో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తెర మీద ఏది ఏమిటో తాకి తెలుసుకోగలిగిన చోట వివరించడం దండగే. 2011లో అదే గేములో దారి తప్పించే నాణేలను తీసేస్తే ఆటగాళ్లు ఎక్కువసేపు ఆడారు. 2014లో సూచనల పద్ధతులను పోల్చితే, సూచనలు ఇచ్చిన రూపాల్లో ఆటగాళ్ల పనితీరు సూచనలు లేని దానికంటే తగ్గింది.

దీన్ని చూసి సూచనలన్నీ తీసేయమని కాదు. పెట్టే ముందు, పిల్ల ఆగింది వేలి దగ్గరో లెక్క దగ్గరో చుక్కలు చూసి తేల్చుకోవాలి. వేలి దగ్గరైతే సూచన అక్కర్లేదు, వేలికి అడ్డొచ్చేదాన్ని తీసేయాలి. లెక్క దగ్గరైతే సూచన జవాబు చెప్పకూడదు. 0.375 దగ్గర చేపను వదిలిన పిల్లకు ‘ఇంకొంచెం కుడికి’ అని బాణం చూపిస్తే ఆ లెవెల్ దాటుతుంది, తర్వాతి లెవెల్‌లో మళ్లీ మూడో టిక్కు దగ్గరే వదులుతుంది. అదే గీతను ఆమె కళ్ల ముందే నాలుగు సమాన ముక్కలుగా విరిచి, ఒక్కో ముక్కకు ఒక్కో రంగు వేసి చూపి, తర్వాత రంగులు తీసేసి మళ్లీ పెట్టమంటే ఆమె లెక్కపెట్టాల్సింది టిక్కులను కాదు, ముక్కలనని కనపడుతుంది.

మార్పు పనిచేసిందో లేదో తేల్చడానికి రెండో విడతలో కొత్త పిల్లలు కావాలి. పాతవారికి ఆట అలవాటైపోయి ఉంటుంది. అదే కాగితం పని, అదే మూడేసి భిన్నాలు, అదే చుక్కల బొమ్మ. చేప నోటి దగ్గర ఒకే పక్కకు జరిగిన గుంపు మాయమవ్వాలి. 0.375 దగ్గరి గుంపు మొదటి రెండు లెవెళ్లలో అలాగే ఉండి, మూడు నాలుగు లెవెళ్లకు పలచబడాలి. మొదటి లెవెల్‌లోనే అది కూడా మాయమైతే అనుమానించాలి, రంగుల ముక్కలు జవాబు చెప్పేస్తున్నాయేమో చూడాలి. ఆ వెంటనే పెట్టిన కాగితం పనికి తోడు, వారం తర్వాత బడికి వెళ్లి ఇంకో మూడు భిన్నాలు పెట్టించగలిగితే ఆట వదిలాక ఏం మిగిలిందో తెలుస్తుంది. విడతలో ఐదుగురు మూడేసి చొప్పున పెట్టిన ఆ పదిహేను కాగితాలతో ఆట చదువు చెబుతోందని ప్రకటించుకోకూడదు. దానికి ఆట ఆడని గుంపుతో పోల్చే పెద్ద అధ్యయనం వేరే కావాలి. ఆ అధ్యయనానికి వెళ్లే ఆటలో పాప 3/4 దగ్గర తప్పితే, తప్పింది వేలు కాదని మాత్రం ఈ పదిహేను కాగితాలు చెప్పగలవు.